బట్ట ఒంటికి కుదిరిందో లేదో ఫోటోతో తేల్చుకోవడం: నా అనుభవం

వేసుకున్న బట్టలతో ఫోటో తీసుకోవడం రెండు రకాలు. ఒకటి నలుగురికీ చూపించడానికి. ఇంకోటి చొక్కా భుజం ఎక్కడ ఆగింది, ప్యాంటు తొడ దగ్గర ఎందుకు లాగుతోంది అని తెలుసుకోవడానికి. మొదటి రకంలో ఒక కాలు ముందుకుంటుంది, ఒక చెయ్యి జేబులో ఉంటుంది, చూపు ఎటో పక్కకి ఉంటుంది. చెయ్యి జేబులోకి వెళ్తే జాకెట్ అంచు పైకి లేస్తుంది, దాని అసలు పొడవు తెలియదు. నడుస్తూ తీస్తే ప్యాంటు ముడతలన్నీ నడక వల్ల వచ్చినవిగానే కనిపిస్తాయి. చొక్కా చేతులు మోచేతి దాకా మడిస్తే వాటి పొడవు సంగతే మాయమవుతుంది. ఆ ఫోటోల పని అందంగా కనిపించడం, ఆ పని అవి చేస్తాయి. కాని అలాంటిది చూపించి "ఇది నాకు కుదిరిందా?" అని అడిగితే ఎదుటివాళ్ళు "బాగుంది" అనడం మినహా చెప్పగలిగేదేమీ ఉండదు. ఇక్కడ రాస్తున్నది రెండో రకం గురించి: కొలత తేల్చే ఫోటో తీయడం, దాన్ని చదవడం, ఆ తర్వాత టేపు, పిన్నులు, టైలర్.

అద్దం ఉండగా ఫోటో ఎందుకంటారా? అద్దంలో వీపు చూసుకోవాలంటే ఒళ్ళు తిప్పాలి. నడుము మెలి తిరగగానే బట్ట కూడా మెలి తిరుగుతుంది. అప్పుడు వీపు మీద కనిపించే ఏటవాలు ముడతలు కుట్టువి కావు, మనం తిరగడం వల్ల వచ్చినవి. పైగా అద్దం ముందు నిలబడగానే ఎవరైనా తెలియకుండానే పొట్ట లోపలికి పీలుస్తారు, భుజాలు వెనక్కి లాగుతారు. అలా ఎంతోసేపు ఉండలేం, బట్ట మాత్రం రోజంతా ఒంటి మీద ఉండాలి. టైమర్ పెట్టి వరసగా కొన్ని ఫోటోలు తీస్తే మొదటివాటిలో ఆ బిగింపు కనిపిస్తుంది, పోనుపోను ఒళ్ళు మామూలుగా నిలబడుతుంది. నేను లెక్కలోకి తీసుకునేది ఆ చివరివాటినే.

కెమెరాగా ఫోన్ చాలు, కాని వెనక ఉన్న ప్రధాన లెన్సే వాడాలి. సెల్ఫీ కెమెరా వద్దు, 0.5 ఎక్స్ వైడ్ లెన్సు అసలే వద్దు. వైడ్ లెన్సు ఫ్రేము అంచుల్లో ఉన్నదాన్ని సాగదీస్తుంది, నిలువు ఫోటోలో ఆ అంచుల్లో ఉండేవి తల, పాదాలు. చాలా ఫోన్ల ప్రధాన లెన్సు పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 నుంచి 26 మిల్లీమీటర్లది, అంటే అదీ కాస్త వైడే. దాంతో దగ్గర నుంచి తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్న భాగం ఉబ్బి, దూరంగా ఉన్నది కుంచించుకుపోతుంది. దీనికి మందు జూమ్ కాదు, దూరం. మనిషికీ ఫోన్‌కీ మధ్య కనీసం 3 మీటర్లు ఉంచాలి. గది కాస్త పెద్దదైతే మూడున్నర మీటర్ల దూరం జరిగి, మనిషి మరీ చిన్నగా పడకుండా 2 ఎక్స్ పెట్టండి. నిలువుగా రెండు మీటర్లకు పైగా ఫ్రేములో పడుతుంది కాబట్టి తల నుంచి చెప్పుల దాకా వస్తుంది, కింద పైన కాస్త ఖాళీ కూడా మిగులుతుంది.

ఫోన్ ఎత్తు బొడ్డు దగ్గర, అంటే నేల నుంచి దాదాపు మీటరు. కంటి ఎత్తులో పెట్టి కిందికి వంచితే కాళ్ళు కురచగా, నేల దగ్గర పెట్టి పైకి ఎత్తితే కాళ్ళు బారుగా వస్తాయి. అందం కోసం తీసేవాళ్ళు ఈ రెండోదాన్ని బాగా వాడుకుంటారు. ప్యాంటు నడుము ఎంత ఎత్తులో ఉందో, జాకెట్ పొడవు సరిపోయిందో చూడాలంటే మాత్రం ఫోన్ నిటారుగా, ఎటూ వంగకుండా ఉండాలి. వెనక తలుపు చట్రం పడేలా నిలబడితే సులువు: చట్రం గీతలు ఫోటో అంచుకి సమాంతరంగా ఉంటే ఫోన్ సరిగ్గా ఉన్నట్టు. అదే గీత తర్వాత భుజాల ఎగుడుదిగుడు చూసుకోవడానికీ పనికొస్తుంది. ట్రైపాడ్ కాళ్ళు ఉన్నచోట, మన పాదాలు ఉన్నచోట నేల మీద టేపు ముక్కలు అంటిస్తే, ఆల్టరేషన్ అయ్యాక మళ్ళీ అక్కడి నుంచే తీయొచ్చు. రెండు ఫోటోలు రెండు దూరాల నుంచి తీస్తే వాటిని పోల్చడం వృథా.

వెలుతురు సంగతికొస్తే, కిటికీ పక్క నుంచి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో పడాలి. నేరుగా ఎదుటి నుంచి పడే వెలుతురు ముడతల నీడలు చెరిపేస్తుంది. ఫ్లాష్ అయితే మరీను. నెత్తి మీద ఒకే బల్బు ఉంటే చిన్న ముడత కూడా లోయలా కనిపిస్తుంది. గదిలో దీపాలన్నీ ఆర్పేయడం మంచిది. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు: పసుపు బల్బు రంగు 2,700 కెల్విన్ల దగ్గర ఉంటే మబ్బు పట్టిన పగటి వెలుతురు 6,500 దగ్గర ఉంటుంది. రెండూ కలిసి పడితే చొక్కా ఒక పక్క పసుపుగా, ఇంకో పక్క నీలంగా వస్తుంది. నల్ల ప్యాంటు, నల్ల జాకెట్ జత కుదిరాయో లేదో పగటి వెలుతురులోనే చూడాలి. బల్బు కింద ఒకేలా ఉన్న రెండు నలుపులు బయటికొస్తే ఒకటి ఎర్రగా, ఒకటి ఆకుపచ్చగా తేలడం మామూలే, ఎందుకంటే రెండింటికీ వాడిన అద్దకాలు వేరు.

నలుపు, తెలుపు బట్టలకు ఇంకో చిక్కుంది. కెమెరా ఫ్రేమంతటినీ మధ్యస్థ బూడిద రంగుగా తేవాలని చూస్తుంది. నల్ల బట్టలేసుకుంటే వెలుతురు పెంచి వాటిని వెలిసిన బూడిద చేస్తుంది, తెల్ల చొక్కా అయితే తగ్గించి మాసినట్టు చూపిస్తుంది. తెర మీద బట్టని తాకి, నలుపుకైతే వెలుతురు కాస్త కిందికి, తెలుపుకైతే కాస్త పైకి జరపాలి. సన్నటి గళ్ళు, చారలు ఉన్న బట్ట మీద అలల్లాంటి వింత గీతలు వస్తే అవి బట్టవి కావు, నేత గళ్ళూ కెమెరా లోపలి సెన్సర్ గళ్ళూ ఒకదానితో ఒకటి పేచీ పడడం వల్ల వచ్చినవి. అరమీటరు ముందుకో వెనక్కో జరిగితే పోతాయి. పోర్ట్రెయిట్ మోడ్, బ్యూటీ ఫిల్టర్ రెండూ ఆపేయాలి. మొదటిది చేతి అంచుల్ని కరిగించేస్తుంది, రెండోది ఒంటి గీతనే మార్చేస్తుంది.

ఫోటోకి ముందు బట్ట ఇస్త్రీ చేసి ఉండాలి. అల్మరాలో మడతపెట్టిన గీతల్నీ ఒంటి మీద పుట్టిన ముడతల్నీ తర్వాత విడదీయడం కష్టం. జేబులు ఖాళీ చేయాలి. తాళాలు, పర్సు పెట్టుకుని తొడ దగ్గర టైటుగా ఉందనుకోవడం అర్థం లేని పని. ఆ ప్యాంటుతో వేసుకునే చెప్పులే, బెల్టే వేసుకోవాలి. నాలుగడుగులు నడిచి, ఒకసారి కూర్చుని లేచి, బట్టని చేత్తో సర్దకుండా నిలబడాలి. సర్దితే అసలు సమస్యే కనిపించకుండా పోతుంది. ముందు, వెనక, రెండు పక్కలు, మొత్తం నాలుగు. చేతులు వదులుగా, చూపు ఎదురుగా. ఒక పక్క తీస్తే చాలదా అంటే చాలదు. చాలామందికి ఒక భుజం ఇంకోదానికంటే కిందికి ఉంటుంది, ముడతలు ఒక పక్కే వస్తాయి. వీటికి తోడు కూర్చున్నప్పుడు ఒకటి, రెండు చేతులు ముందుకు చాచినప్పుడు వెనక నుంచి ఒకటి తీసుకుంటే మంచిది.

ఇక చదవడం. ముడత ఒక బాణం లాంటిది, ఏదో ఒక చోటికి చూపిస్తుంది. అడ్డంగా, బిగుతుగా లాగినట్టున్న గీత అక్కడ చుట్టుకొలత చాలలేదని చెబుతుంది. అడ్డంగానే ఉన్నా మెత్తగా, కుప్పగా పడితే పొడవు ఎక్కువైనట్టు. నిలువు మడతలు వెడల్పు ఎక్కువైందనడానికి గుర్తు. ఏటవాలు గీతలు రెండు చివర్లలో ఏదో ఒకచోట బట్ట పట్టేసిందని అంటాయి, ఎక్కడ పట్టిందో కనుక్కోవాలంటే ఆ గీత వెంట వేలు పోనివ్వడమే.

చొక్కా బొత్తాం చుట్టూ ఇంటూ గుర్తులా ముడతలు వస్తే అక్కడ టైటు. ఏ బొత్తాం అన్నది ముఖ్యం: ఛాతీ దగ్గరిదైతే ఛాతీ చాలలేదు, చివరిదైతే తుంటి. చివరిదానికైతే పక్క కుట్టు కింది భాగం కాస్త వదిలితే సరిపోవచ్చు, చొక్కా మొత్తం పెద్ద సైజుకి మార్చక్కర్లేదు. కాలర్ కింద, వీపు మీద అడ్డంగా ఒక చుట్టలా లేస్తే భుజాలు ఆ చొక్కా కట్‌కంటే చదునుగా, ఎత్తుగా ఉన్నాయన్నమాట. భుజాలు వాలుగా ఉన్నవాళ్ళకి మెడ దగ్గర మొదలై చంక వైపు దిగే ఏటవాలు మడతలు వస్తాయి. భుజం కుట్టు భుజపు ఎముక చివర ఆగాలి. అది దాటి జారితే చేతి పొడవు కూడా అంత మేరా ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి చేతులు కురచ చేయించే ముందు భుజం చూడాలి.

చంక విషయంలో మాత్రం అందరూ తలకిందులుగా ఆలోచిస్తారు. చెయ్యి ఎత్తితే చొక్కా మొత్తం ప్యాంటులోంచి బయటికి వస్తోందంటే, చంక టైటుగా ఉంది, ఇంకాస్త పెద్దది కావాలి అంటారు. నిజానికి దాదాపు ఎప్పుడూ చొక్కా చంక గుంట (చెయ్యి కుట్టే గుండ్రటి కోత) మరీ కిందికి ఉండటమే కారణం. చంక కింద 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే చెయ్యి లేవగానే చేతి గుడ్డ పక్క కుట్టుని పట్టుకుని పైకి లాగుతుంది, మొత్తం చొక్కా దాంతో లేస్తుంది. గుంట చంకకు దగ్గరగా ఉంటే చెయ్యి ఒక్కటే కదులుతుంది, చొక్కా కదలదు. రెండు చొక్కాలు పక్కపక్కన పెట్టి చేతులు ఎత్తి వెనక నుంచి ఫోటో తీస్తే కింది అంచు ఎంత లేచిందో కళ్ళకు కడుతుంది. చంక గుంట కిందికి ఉంటే దాన్ని పైకి తేవడం రెడీమేడ్ చొక్కాలో కుదరదు, కోసేసిన గుడ్డ మళ్ళీ రాదు. కొనేటప్పుడే చూసుకోవాల్సింది ఇది.

ప్యాంటులో జిప్పు కింది నుంచి తొడల వైపు విచ్చుకునే గీతలు ఉంటే తుంటి, తొడ టైటు, లేదంటే ముందు లోతు (కాళ్ళు కలిసే చోటి నుంచి నడుము దాకా ముందు వైపు కొలత) తక్కువ. పక్క జేబులు నోరు తెరిస్తే తుంటి చాలలేదని వేరే సాక్ష్యం అక్కర్లేదు. పిరుదుల కింద మెత్తటి అడ్డ మడతలు పేరుకుంటే వెనక గుడ్డ ఎక్కువ, పిరుదులు చదునుగా ఉన్నవాళ్ళకి ఇది తప్పదు. మోకాలి వెనక గుడ్డ కుప్పపడితే చాలామంది పొడవు ఎక్కువైందని అంచు మడిపిస్తారు. పక్క ఫోటోలో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: గుడ్డ పిక్క మీద తగులుకుని కిందికి జారక అక్కడే ఆగింది. అంచు మడిస్తే చీలమండ బయటపడుతుంది కాని ఆ కుప్ప అలాగే ఉంటుంది. పిక్క దగ్గర వెడల్పు పెంచితేనే పోయేది.

టీషర్ట్ పక్క కుట్టు నడుము దగ్గరికొచ్చేసరికి ముందుకు మెలి తిరిగిందనుకోండి, దానికి మీ ఒళ్ళు కారణం కాదు. సింగిల్ జెర్సీ అల్లికలో నూలు పురి ఉతికినప్పుడు విడిచే తీరే అంత. టైలర్ దాన్ని బాగు చేయలేడు.

గీతలు చదివాక టేపు. ఒంటి కొలత కంటే బాగా కుదిరిన ఒక చొక్కా, ఒక ప్యాంటు కొలతలు ఎక్కువ పనికొస్తాయి. చొక్కాని బొత్తాలు పెట్టి, చదునుగా పరిచి, లాగకుండా కొలవాలి: ఒక చంక కింది నుంచి ఇంకో చంక కింది దాకా, భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాకా, కాలర్ కింది నుంచి అంచు దాకా, భుజం కుట్టు నుంచి కఫ్ చివరి దాకా. ప్యాంటుకి నడుము, ముందు లోతు, వెనక లోతు, కాళ్ళు కలిసే చోట తొడ, మోకాలు, కింది అంచు, లోపలి పొడవు. పరిచి కొలిచింది సగం కొలత అని మరవొద్దు: చంక నుంచి చంకకు ఒక సెంటీమీటరు తేడా అంటే చుట్టుకొలతలో రెండు. పాత బట్ట టేపు సాగి ఉంటుంది, స్టీలు స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోవాలి.

ఛాతీ 96 సెంటీమీటర్లున్నవారికి సాగని నేత బట్ట చొక్కా 106 ఉంటే 10 సెంటీమీటర్ల లూజు ఉన్నట్టు. మామూలు చొక్కాకి నేను 8 నుంచి 12 మధ్య చూస్తాను. 6 కంటే తగ్గితే చేతులు ముందుకు చాచినప్పుడు వీపు పట్టేస్తుంది, 16 దాటితే నడుము దగ్గర తెరచాపలా ఎగురుతుంది. ఎలాస్టేన్ (సాగే దారం) ఒకటి రెండు శాతం ఉన్న బట్టకి కాస్త తక్కువ లూజు చాలు.

లేబుల్ మీది సైజుని కొలత కింద లెక్కపెట్టకండి. అమెరికాలో వ్యవసాయ శాఖ దాదాపు 15 వేల మంది మహిళల కొలతలు తీయించి 1941లో ప్రచురించింది. వాటి ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం ఒకటి వచ్చింది. కంపెనీలు దాన్ని పాటించాలన్న నిర్బంధం లేదు, 1983లో దాన్నీ ఎత్తేశారు. అందుకే ఒకే అంకె రెండు కంపెనీల దగ్గర రెండు కొలతలు. నడుము అంగుళాల్లో రాసిన ప్యాంటుని కూడా టేపు పెట్టకుండా నమ్మడానికి లేదు.

టైలర్ దగ్గరికి వెళ్ళే ముందు బట్ట ఉతకాలి. నూలు బట్ట మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం కుదించుకుపోవడం సాధారణం. లోపలి పొడవు 80 సెంటీమీటర్లున్న ప్యాంటు అలా రెండున్నర నుంచి 4 సెంటీమీటర్లు తగ్గిపోగలదు. పొడవుగా ఉందని ముందే కోయిస్తే ఇక దాన్ని చీలమండ పైన వేసుకోవాల్సిందే.

తర్వాత పిన్నులు. లూజున్న చోట రెండు పక్కలా సమానంగా పట్టి పిన్ను పెట్టించుకుని మళ్ళీ అదే నాలుగు ఫోటోలు. ఒక్కసారి ఒక్క మార్పే. చొక్కా నడుము తగ్గించగానే కొత్తగా తుంటి దగ్గర లాగుడు మొదలైతే ఫోటోలో అప్పుడే కనిపిస్తుంది, కత్తెర పడక ముందే. పిన్నులు ఉండగానే ఒకసారి కూర్చుని చూడాలి, నిలబడి ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి.

ఏవి మారతాయి, ఏవి మారవు అన్నదానికి ఒకటే ఆధారం: లోపల గుడ్డ వదిలి ఉందా. ఫార్మల్ ప్యాంటు వెనక నడుము కుట్టు విప్పి చూస్తే తరచూ కొంత గుడ్డ మడిచి ఉంటుంది, ఆ మేరకు వదలొచ్చు. జీన్స్‌కి ఆ కుట్టు రెండు పొరలు ఒకదాంట్లో ఒకటి మడిచి వేసింది, లోపల మిగిలేది ఏమీ ఉండదు. వదిలిన చోట పాత సూది రంధ్రాలు, వెలవని గుడ్డ గీత బయటపడతాయి. ముదురు రంగు నూలులో ఇది దాచలేనంతగా తెలుస్తుంది. నడుము తగ్గించేటప్పుడు 5 సెంటీమీటర్లు దాటితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి వికారంగా ఉంటుంది. కాలు సన్నం చేసేటప్పుడు లోపలి కుట్టు, బయటి కుట్టు రెండింటిలోనూ సమానంగా తీయమనాలి. ఒక్క పక్కే తీస్తే పడుగు దారం పక్కకి జరిగి కాలు మెలి తిరుగుతుంది, ఇస్త్రీ గీత చెప్పు మధ్యకి రాదు. జాకెట్ పొడవు తగ్గించడం పేరుకి సాధ్యమే, కాని జేబులు ఉన్నచోటే ఉండిపోయి అంచుకి మరీ దగ్గరవుతాయి. చేతి అంచు దగ్గర నిజంగా తెరుచుకునే బొత్తాలుంటే చెయ్యి కింద నుంచి తగ్గించలేరు, భుజం దగ్గర విప్పాలి. జాకెట్ భుజం వెడల్పు జోలికి నేను వెళ్ళను. చేసేవాళ్ళున్నారు, కాని చేతులు, కాలర్, లోపలి అస్తరు అన్నీ విప్పాలి, ఆ తర్వాత మునుపటిలా కూర్చోవడం అరుదు. కాలర్ పావు అంగుళం టైటయితే బొత్తాం జరిపితే చాలు, అంతకు మించితే చొక్కా మార్చడమే.

వేరేవాళ్ళ సలహా అడగాలనుకుంటే ఆ నాలుగు ఫోటోలు, ఒంటి కొలతలు, బట్ట కొలతలు, బట్ట దేనితో నేసింది అన్నవి కలిపి ఇచ్చి, ప్రశ్న సూటిగా అడగాలి. "ఎలా ఉంది?" అంటే రంగు బాగాలేదని ఒకరు, ఇలాంటివి ఇప్పుడు ఎవరూ వేసుకోరని ఇంకొకరు అంటారు. "వీపు మీద ఎడమ పక్క ఏటవాలు గీత వస్తోంది, భుజం వాలు వల్లా, చంక వల్లా?" అంటే జవాబు కూడా అంత సూటిగా వస్తుంది. ఎక్కువమంది చెప్పిందాని కంటే, ఏ ముడత చూసి అలా అన్నారో చెప్పగలిగినవారి మాటకి విలువివ్వండి. వెడల్పు ప్యాంటు కావాలని ఎంచుకున్నవారికి అది వెడల్పుగా ఉందని చెప్పడం సలహా కాదు. వెడల్పు ప్యాంటులోనూ నడుము, లోతు సరిగ్గా ఉండాలి, అడగాల్సింది వాటి గురించే.

టైలర్‌కి ఫోటో ఫోన్‌లో చూపించి, అంకె కాగితం మీద రాసి ఇవ్వాలి: "కొంచెం తగ్గించండి" కాదు, "పక్క కుట్లు ఒక్కోటి ఒకటిన్నర సెంటీమీటరు, చంక నుంచి 10 సెంటీమీటర్ల కింద మొదలుపెట్టి, తుంటి దగ్గర సున్నాకి కలపాలి" అని. తీసిన గుడ్డ కత్తిరించకుండా లోపలే వదలమని చెప్పడం మరవకూడదు, ఒళ్ళు చేస్తే మళ్ళీ వదలొచ్చు. తిరిగొచ్చాక అక్కడికక్కడే వేసుకుని చేతులు చాచి, కూర్చుని చూడాలి. ఇంటికొచ్చి నేల మీది టేపు గుర్తుల దగ్గర మళ్ళీ నాలుగు ఫోటోలు తీసి, పాతవాటి పక్కనే, బట్ట పేరు, తేదీ, కొత్త కొలతలతో దాచుకుంటే తర్వాత కొనే చొక్కాకి లేబుల్ బదులు ఆ కాగితమే పట్టుకెళ్ళొచ్చు.